అర మీటరు అవతల

బెరిల్ టఫ్లీ రోడ్డు మీద ఎదురైతే నెదర్‌కోంబ్ ఊళ్ళో కార్లు ఇప్పటికీ నెమ్మదిస్తాయి. ఆవిడ రిటైరై పన్నెండేళ్ళు దాటింది. అయినా సరే, తలలు నెరిసిన మగవాళ్ళు కూడా ఆవిడ కనబడగానే నడుం నిటారుగా చేసుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, వెనకద్దం వంక ఒకసారి బుద్ధిగా చూస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిడ డ్రైవింగ్ పరీక్షలు పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళలో సగం మందిని ఒక్కసారైనా ఫెయిల్ చేసింది. మిగతా సగం ఆవిడ పాలబడకుండా పక్క జిల్లాకు పోయి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు.

ఫెయిల్ చేసేటప్పుడు గొంతు పెంచేది కాదు, మొహం చిట్లించేది కాదు. కాగితం మీద సంతకం పెట్టి, "క్షమించండి, ఈసారికి మీరు పాస్ కాలేదు" అనేది. అంతే. ఆ ఒక్క వాక్యం కన్నా నాలుగు తిట్లు తినడం నయమని ఊళ్ళో చాలామంది అభిప్రాయం.

ప్లంబర్ డెస్ పెగ్లర్ ఆ వాక్యం ఐదుసార్లు విన్నాడు. అందులో మూడోసారిది పబ్బులో ఎవరు కొత్తగా వచ్చినా చెప్పి తీరాల్సిన కథ. ఏప్రిల్ నెల, ఎండగా ఉంది, కారు కిటికీలు దించి ఉన్నాయి. డెస్ చెమటలు కక్కుతూ బండిని వెనక్కి తీసుకుంటున్నాడు. కిటికీలోంచి నిమ్మపండు రంగు సీతాకోకచిలుక ఒకటి లోపలికి వచ్చి ముందద్దానికి కొట్టుకోవడం మొదలుపెట్టింది. "ఆపండి" అంది బెరిల్. డెస్ ఆపాడు. ఆవిడ బెల్టు తీసి, దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టి, కారు దిగి, కంచె మీద వదిలి, అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడింది. ఆవిడ నవ్వగా చూసిన మొదటి మనిషిని నేనే అంటాడు డెస్. తర్వాత వచ్చి కూర్చుని, బెల్టు పెట్టుకుని, "వెనకద్దం చూడకుండా బ్రేకు వేశారు" అని రాసింది.

"ఆపమన్నది నువ్వే కదా" అని డెస్ ఇప్పటికీ అడుగుతాడు.

"ఆపమన్నాను. అద్దం చూడొద్దనలేదు" అని ఆవిడా ఇప్పటికీ అదే జవాబు చెబుతుంది.

మనిషి స్వభావం అది. సీతాకోకచిలుక మీద ప్రేమ ప్రేమే, పద్ధతి పద్ధతే. ఆవిడ దృష్టిలో ఈ రెంటికీ పేచీ లేదు.

రిటైరైన మరుసటి వసంతంలోనే ఆవిడ ఊరికి పైన, కౌస్లిప్ అనే పసుపుపచ్చ అడవిపూలు పూసే కొండవాలు మీద సీతాకోకచిలుకలు లెక్కపెట్టే పని పుచ్చుకుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికొకసారి, ఒకే దారి వెంట, ఒకే నడక. ఆ లెక్కకు నియమాలున్నాయి. నడిచేవాళ్ళ ముందు ఐదు మీటర్ల పెట్టె ఒకటి ఉన్నట్టు ఊహించుకోవాలి. కుడికి రెండున్నర, ఎడమకి రెండున్నర. ఆ పెట్టెలోకి వచ్చినవే లెక్క. వేడి పదమూడు డిగ్రీలకు తగ్గకూడదు, చెట్ల కొమ్మలు ఊగే గాలి ఉండకూడదు, పొద్దున పదీ నలభై ఐదుకు ముందు మొదలుపెట్టకూడదు, మధ్యాహ్నం మూడూ నలభై ఐదు తర్వాత నడవకూడదు. ఏదైనా కనిపిస్తే ఆగి చూసి రాసుకోవచ్చు. వస్తుందేమోనని కాపు కాయకూడదు. ఇలాంటి నియమాలు చూస్తే మామూలు మనుషులకు నీరసం వస్తుంది. బెరిల్‌కు మాత్రం పుట్టింటికి వచ్చినట్టుండేది.

ఆ వాలు మీద ఒకప్పుడు డ్యూక్ ఉండేది. పూర్తిపేరు బర్గండీ డ్యూక్. పేరు చూసి ఏ నెమలంతో ఉంటుందనుకునేరు, బొటనవేలి గోరుకు కాస్త పెద్దది. ముదురు గోధుమరంగు మీద నారింజ గళ్ళు. దాని గొంగళిపురుగులు కౌస్లిప్ ఆకులు తప్ప వేరేవి పెద్దగా ముట్టవు. ముళ్ళపొదలు పెరిగి కౌస్లిప్పులను కమ్మేస్తే అది మాయమైపోతుంది. అందుకని జిల్లా సీతాకోకచిలుకల సంఘం ప్రతి చలికాలం ఇరవై మందిని రంపాలతో, కత్తెరలతో పంపి పొదలు కొట్టించేది. మూడేళ్ళుగా బెరిల్ లెక్కలో డ్యూక్ గడిలో సున్నా. ఈ ఫిబ్రవరిలో సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: ఈ వసంతం లెక్కలో కూడా డ్యూక్ కనిపించకపోతే మనుషుల్ని వేరే వాలుకు పంపుతాం, దయచేసి అర్థం చేసుకోండి.

బెరిల్ అర్థం చేసుకుంది. తనైనా అదే ఉత్తరం రాసేది. అర్థం చేసుకున్నాక మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేకపోయింది. పొదలు కొట్టకపోతే ఐదేళ్ళలో ఆ వాలు ముళ్ళ అడవి అవుతుంది. డ్యూక్ ఒక్కటేనా, నీలిరెక్కల సీతాకోకలూ, గెంతుతున్నట్టు ఎగిరే గెంతుడు చిలుకలూ అన్నీ పోతాయి. ఆవిడకు పిల్లల్లేరు, భర్త పోయి చాలాకాలమైంది. వారంలో మిగతా ఆరు రోజులూ ఆ ఒక్క నడక కోసమే ఉన్నట్టు గడిచేవి. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు గాని ఊళ్ళో అందరికీ తెలుసు.

మే రెండో ఆదివారం ఊరి వసంతపు నడక. ఆ వారమంతా వాన కొట్టి వదిలింది. లెక్కకు పనికొచ్చే రోజు అదొక్కటే మిగిలింది. కాబట్టి లెక్కా, ఊరి నడకా ఒకేసారి కానిచ్చేద్దామని బెరిల్ నిర్ణయించింది. పదిన్నరకు బస్సు షెల్టరు దగ్గర తొమ్మిది మంది పోగయ్యారు. డెస్ వచ్చాడు. ఎనభై ఒక్కేళ్ళ నోరా ఫ్రీబరీ చేతికర్రతో వచ్చింది. చర్చి తోటలో పూలన్నీ ఆవిడ చేతివే, నోటి దురుసూ ఆవిడదే. బ్రిస్టల్ నుంచి కొత్తగా దిగిన జంట ఒకటి చంటిపిల్లంత కెమెరా మెళ్ళో వేసుకుని వచ్చింది.

బెరిల్ నియమాలు చెప్పడం మొదలుపెట్టింది. "నా వెనకే నడవాలి. నన్ను దాటకూడదు. మీకు కనిపించింది నాకు చెప్పొచ్చు గాని, వేలు పెట్టి చూపించకూడదు."

"ఎందుకూ?" అన్నాడు కెమెరా భర్త.

"నీడ పడితే ఎగిరిపోతాయి."

"ఇండికేటరు వేయొచ్చా?" అన్నాడు డెస్. అందరూ నవ్వారు. బెరిల్ నవ్వలేదు గాని పెదవి చివర కాస్త కదిలింది.

పడమటి దిక్కున, వేల్స్ కొండల మీద మబ్బు పట్టడం నోరా చూసింది. "ఉపన్యాసం దారిలో ఇద్దువుగాని, పద బెరిల్. నాకు వాన పడితే మోకాళ్ళు పనిచేయవు." బెరిల్ కూడా మబ్బు వంక చూసింది. ఇవాళ తప్పితే ఈ వారం లేదు. థర్మామీటరు చూసి, పదహారు అని రాసి, సమయం రాసి, నడక మొదలుపెట్టింది.

మబ్బు అక్కడే ఉండిపోయింది. ఎండ మాత్రం పేచీ పెట్టకుండా కాసింది. వీధి చివర కంచె కింద అడవి వెల్లుల్లి ఘాటు ముక్కుకు తగిలింది. రెక్కల కొసల్లో నారింజ రంగు పూసుకున్న తెల్లచిలుకలు నాలుగు వరసగా ఎదురొచ్చాయి. బెరిల్ పెన్సిలు కదిలింది. నోరా ఒక మొక్క దగ్గర వంగి, పువ్వు కింద కాడకు అంటుకున్న చిన్న నారింజ గుడ్డు చూపించింది. "ఒక్కో మొక్కకు ఒక్కటే పెడుతుంది. రెండు పుడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. మా అన్నదమ్ములకన్నా మేలు, వీళ్ళు పుట్టీపుట్టగానే తేల్చుకుంటారు."

మేకల దొడ్డి దగ్గర పాత రేకు ఎత్తితే కింద రాగి తీగలా మెరుస్తూ కాళ్ళులేని బల్లి చుట్ట చుట్టుకుని ఉంది. కెమెరా భార్య పాము అనుకుని రెండడుగులు వెనక్కి వేసి డెస్ కాలు తొక్కింది. దూరంగా ఎక్కడో కుక్కూ పక్షి కూసింది. "ఈ ఏడు మొదటిసారి" అన్నాడు డెస్. "నేను మంగళవారమే విన్నాను" అంది నోరా. "నువ్వు ప్రతి ఏడూ మంగళవారమే వింటావు." భరతపక్షులు పైకెక్కి పాడుతూనే ఉన్నాయి. ముళ్ళపొద మీద ఆకుపచ్చ రెక్కల చిలుక ఒకటి ఆకులో ఆకై కూర్చుంటే బెరిల్ ఒక్కతే కనిపెట్టింది. మట్టిరంగు గెంతుడు చిలుకలు మూడు.

వాలు మీద ఐదో మలుపు తిరిగాక డెస్ గొంతు మారిపోయింది. వెటకారం పోయింది.

"బెరిల్. ఎడమ పక్క. చిన్న ముళ్ళపొద ముందు, కౌస్లిప్ మీద."

బెరిల్ చూసింది. గోధుమరంగు మీద నారింజ గళ్ళు. అది రెక్కలు విప్పుకుని ఎండ కాచుకుంటోంది. మూడేళ్ళ తర్వాత కనబడిన మొహం. వెనక కెమెరా టకటకమంది.

బెరిల్ దారి మీద తన బూట్ల వంక చూసుకుంది. అక్కడి నుంచి చిలుక వరకూ కంటితో కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"మూడు మీటర్లు" అంది. "అర మీటరు బయట ఉంది."

ఎవరికీ మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరా కర్ర నేలకేసి కొట్టింది. "మూడేళ్ళు దానికోసం చచ్చి, కళ్ళెదురుగా కూర్చుంటే వద్దంటావా?"

"వద్దనలేదు. పెట్టెలో లేదంటున్నాను."

"నా దగ్గర ఫోటో ఉంది" అన్నాడు కెమెరా భర్త.

"ఫోటో ఫోటోయే. లెక్క లెక్కే."

డెస్ వంగి చిన్న ఎండుటాకు తీశాడు. మగ డ్యూక్ కయ్యానికి కాలుదువ్వే రకం, కళ్ళ ముందు ఏది ఎగిరినా తరుముకొస్తుంది. ఆకు దారి మీదకు విసిరితే అదీ వచ్చేస్తుంది. బెరిల్ అతని మణికట్టు పట్టుకుంది. "రెచ్చగొట్టి రప్పిస్తే లెక్క కాదు, డెస్. దానంతటది రావాలి."

"కాసేపు ఆగుదాం, అదే వస్తుంది."

"కాపు కాయకూడదు."

ఆవిడ నడిచింది. డ్యూక్ గడిలో ఏమీ రాయకుండా నడిచింది. వెనక తొమ్మిది మంది అంత్యక్రియల్లో నడిచినట్టు నడిచారు. మిగతా మలుపుల్లో ఏం కనిపించాయో ఎవరికీ గుర్తులేదు. బెరిల్ మాత్రం ఒక్కటీ వదలకుండా రాసింది.

పన్నెండు దాటింది. వాలు కింద కంచె మెట్ల దగ్గర అందరూ ఫ్లాస్కులు తీశారు. నోరా చేసుకొచ్చిన ఓట్స్ బిళ్ళలు చేతులు మారాయి. బెరిల్ లెక్క కాగితం బిగించిన అట్టను పక్కన గడ్డిలో పెట్టి టీ ఊదుకుంటూ కూర్చుంది. "నాకు కోపం రాలేదనుకోకండి" అంది కాసేపటికి, ఎవరినీ చూడకుండా. "నాకూ ఏడుపొస్తోంది. కానీ ఒకసారి అర మీటరు వదిలితే పన్నెండేళ్ళ లెక్క మీద నాకే నమ్మకం ఉండదు."

డెస్ ఆవిడ పక్కకు జరిగి కూర్చున్నాడు. ఓదార్చడం చేతకాక, ఊరికే అట్ట వంక చూస్తున్నాడు. పైపులు, గొట్టాలు కొలిచి కొలిచి అంకెలు తలకిందులుగా చదవడం అతనికి అలవాటే. ఒకచోట చూపు ఆగిపోయింది.

"బెరిల్, లెక్క ఎన్ని గంటలకు ముందు మొదలుపెట్టకూడదన్నావు?"

"పదీ నలభై ఐదు."

"మరి ఇక్కడేమిటి, నీ రాతలో, పదీ నలభై అని ఉంది?"

బెరిల్ అట్ట లాక్కుంది. చూసింది. గడియారం చూసుకుంది, ఏదో సహాయం చేస్తుందన్నట్టు. మబ్బు చూసిన కంగారులో, మోకాళ్ళ గోల వింటూ, ఐదు నిమిషాల ముందు బయల్దేరింది. సమయం మాత్రం నిజాయితీగా రాసేసింది. పన్నెండేళ్ళలో ఇలాంటిది ఎన్నడూ జరగలేదు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ లెక్క చెల్లదు" అంది నెమ్మదిగా.

డెస్ లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. ఇరవై ఏళ్ళుగా దాచుకున్న గాంభీర్యమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు.

"క్షమించండి, మిసెస్ టఫ్లీ. ఈసారికి మీరు పాస్ కాలేదు."

ముందు నోరా నవ్వు మొదలైంది. టీ ముక్కులోకి పోయి పొలమారి, కెమెరా భార్య వీపు నిమరాల్సి వచ్చింది. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరికి బెరిల్ దాకా వచ్చింది. ఆవిడ నవ్వుతుంటే చూసిన రెండో సందర్భమిదేనని డెస్ ఆ తర్వాత పబ్బులో చెప్పాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆవిడ కాగితానికి అడ్డంగా గీత కొట్టింది.

"చెల్లని లెక్క లెక్కే కాదు" అంది. "అంటే ఈ వారం నేనింకా నడవలేదు. ఇప్పుడు టైమెంత?"

"పన్నెండూ నలభై" అన్నారు ముగ్గురు ఒకేసారి.

"ఎవరు రావాలంటే వాళ్ళు రండి. రాకపోయినా ఏమనుకోను."

నోరా కర్ర అందుకుంది. "నా మోకాళ్ళ వల్లే కదా మొదటిది చెడింది. వాటి చేతే పూర్తి చేయిస్తా." ఒక్కరూ ఇంటికి పోలేదు.

ఈసారి పదిహేడు డిగ్రీలు. బెరిల్ కొత్త కాగితం మీద సమయం రాసి డెస్‌కు చూపించి మరీ కదిలింది. నారింజ కొసల చిలుకలు ఆరు, గెంతుడు చిలుకలు ఐదు. లోకమంతా పొద్దుటికన్నా హుషారుగా ఉంది. అయితే ఐదో మలుపు దగ్గర పడుతున్నకొద్దీ మాటలు సన్నగిల్లాయి. డ్యూక్ అక్కడే ఉంటుందని ఏమీ లేదు. మరో వాలుకు పోయి ఉండొచ్చు, ఏ పిట్టో తినేసి ఉండొచ్చు. బెరిల్ నడక మాత్రం మారలేదు. వేగం పెరగలేదు, తగ్గలేదు.

అది ఉంది. పొద్దున కూర్చున్న మొక్క మీద కాదు, దారికి ఇంకా దగ్గరగా ఇంకొక కౌస్లిప్ మీద. రెండున్నర మీటర్లకు కాస్త ఇటో, కాస్త అటో. బెరిల్ ఆగింది. కొలిచింది. మళ్ళీ కొలిచింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"డెస్" అంది. "లోపలా, బయటా?"

"నన్నడుగుతావేంటి? చూసేది నువ్వు కదా."

"నా కళ్ళని నేను నమ్మలేను. నాకు మరీ కావాలని ఉంది. మా ఉద్యోగంలో సొంతవాళ్ళకు పరీక్ష పెట్టనిచ్చేవాళ్ళు కాదు, ఇందుకే. నువ్వు చెప్పు, అదే రాస్తాను."

వెనక నుంచి నోరా డెస్ వీపులో కర్రతో పొడిచింది. లోపల అని చెప్పరా అని ఆ పొడుపుకు అర్థం. కెమెరా జంట తలలు గట్టిగా ఊపుతున్నారు. డెస్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక కన్ను మూసి, గోడ వెంట పైపు వంకర చూసినట్టు చూశాడు. రోజూ చేసే పనే అది. ఎప్పుడూ ఇంతసేపు పట్టలేదు.

"బయట" అన్నాడు. "బెత్తెడు."

ఎవరో నిట్టూర్చారు. నోరా సన్నగా ఒక మాట అంది, చర్చి తోటలో అనే మాట కాదది. బెరిల్ సరేనన్నట్టు తలాడించింది. పెన్సిలు కాగితం మీద నుంచి తీసి, ముందుకు అడుగు వేసింది.

అప్పుడు గెంతుడు చిలుక ఒకటి, ఎవరూ పిలవకుండా, ఎవరూ విసరకుండా, తన దారిన తాను దారికి అడ్డంగా ఎగిరింది. డ్యూక్‌కు చిర్రెత్తుకొచ్చింది. లేచి, దాన్ని తరిమి, రెండు చుట్లు కొట్టి, గెలిచి, బెరిల్ బూటుకు జానెడు దూరంలో దారి మధ్యన వాలి రెక్కలు పరిచింది.

బెరిల్ డ్యూక్ గడిలో గీత పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లు పెన్సిలు ముల్లు కాగితంలో దిగబడింది. మూడోసారి గీత పడింది, వంకరగా. వెనక నోరా ముక్కు చీదుకుంటోంది. కెమెరా మెళ్ళో ఉన్న సంగతి భర్తకు గుర్తే లేదు. డ్యూక్ తన పని చూసుకుని ఎగిరిపోయింది. నియమం ప్రకారం బెరిల్ నడక సాగించింది.

డెస్ వెనక నుంచి ఆవిడ అడుగుల్లో అడుగులు వేస్తున్నాడు. మలుపు తిరిగాక ఆవిడ తల తిప్పకుండానే అడిగింది.

"ఇందాక నువ్వు లోపల అని ఉంటే నేను రాసేసేదాన్ని, తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు అనలేదు?"

"నువ్వు రాసేస్తావు కాబట్టే" అన్నాడు డెస్.